లేవడానికి ఒక కుర్చీ

పడవ నీళ్లలో నానాలి,
నానితేనే అతుకులు బిగుస్తాయి.
కుర్చీ నానితే కుళ్లుతుంది.
నలభై ఏళ్లు పడవలే కట్టినవాణ్ని,
ఇంత చిన్న సంగతి తలకెక్కడానికి
ఒక చలికాలం మొత్తం పట్టింది.

చిలోయే దీవిలో వానొచ్చిందా అని ఎవరూ అడగరు,
ఎప్పుడు ఆగిందని అడుగుతారు.
ఆ వానలోనే, మంగళవారం, శనివారం,
రేవు రాతి మీద కూర్చునేది ఎదెల్మీరా,
కాస్ట్రో వెళ్లే లాంచీ కోసం.
పక్కన బంగాళాదుంపల బస్తా,
ఒళ్లో పొగబెట్టిన ఆల్చిప్పల దండలు,
విరిగి అతికిన తుంటి ఆ చల్లటి రాయికి ఆనించి.

"కొలతలివ్వు, కుర్చీ చేస్తా" అన్నాను.
"శవపెట్టెకి కాదుగదా?" అంది.
మడమ నుంచి మోకాలి మడత దాకా
పురికొస పట్టి చూశాను:
రెండు జానలకి రెండు వేళ్లు తక్కువ.
ఆల్చిప్పలు ఒలవడం ఆపనేలేదు ఆవిడ.

మొదటిది, పట్నంలో అతిథిగృహం ముందు చూసినట్టు,
బాగా వాలుగా, నేలకి దగ్గరగా.
కూర్చుంది. హాయిగా ఉందంది.
లాంచీ కూత వేసింది.
లేవలేకపోయింది.
నేనూ, బడి మాస్టారు లిసాండ్రో
చెరో రెక్కా పట్టుకుని
వలలో పడ్డ సముద్రసింహాన్ని లాగినట్టు లాగాం.
లాంచీలో వాళ్లంతా చూశారు.
నెలరోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.

నాకైతే ఆ నెలంతా అదే ధ్యాస:
కూర్చోబెట్టడం ఏ మొద్దయినా చేస్తుంది,
మనిషిని లేపాలి కదా కుర్చీ.

పీట ముందంచు ఎత్తాను.
చేతులు మోకాళ్లు దాటి బెత్తెడు సాగదీసి
కొసలు గుండ్రంగా చెక్కాను, పిడికిట్లో ఇమిడేలా.
ఆ రెండోదాన్ని ఉత్తరపు గాలి ఎత్తుకుపోయింది.
మూడోనాడు ఎదురు దీవిలో దొరికింది,
తిన్నగా తేలుతూ వచ్చిందట.
పడవల చెయ్యి మరి, ఏంచేస్తాం.

మూడోదానికి చేవదేరిన సైప్రస్ దుంగ తీశాను.
వెనక కాళ్లు ఎడంగా, బరువుగా.
ఒక్క ఇనుప మేకు కొట్టలేదు,
ఉప్పుగాలికి ఇనుము ఎర్రగా ఏడుస్తుంది.
అన్నీ లూమా కర్ర చీలలే,
దిగ్గొడుతుంటే సుత్తే నొచ్చుకుంది.
బద్దకీ బద్దకీ మధ్య చిటికెన వేలు సందు.
గ్లాసుడు నీళ్లు గుమ్మరించి అంకెలు లెక్కపెట్టాను,
ఏడు అనేలోపు పీట మీద చుక్క నిలవకూడదు.
కాళ్ల కొసలు దాహంగొట్టువి, నేల తడిని పీలుస్తాయి,
వాటికి పడవ అడుగున పూసే తారు పట్టించి
పలకరాళ్ల మీద నిలబెట్టాను.

నడుము దగ్గరి వంపే ఎంతకీ కుదరలేదు.
ఆటుపోటు వేళ ఆవిణ్ని బతిమాలి
తడి ఇసుక దిబ్బకి చేరగిలబడమన్నాను.
"ఈ వయసులో ఇదొకటి" అంటూనే ఆనుకుంది.
లేచాక మిగిలిన గుంటకి
లేత కొమ్మొకటి వంచి అచ్చు తీసుకున్నాను,
పోటు నీళ్లు వచ్చి చెరిపేసేలోపు.
దానికి మూరమట్టం పనికిరాలేదు,
బాడితా, కళ్లూ, ఆ కొమ్మా.

మంగళవారం కూర్చుంది.
బావుందనలేదు. బాలేదనలేదు.
పడుతున్న చినుకులు బద్దల సందుల్లోంచి
కిందికి జారిపోతున్నాయి.
లాంచీ వచ్చింది, కూత వేసింది,
మళ్లీ వేసింది.
ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని ఉంది,
గురక సన్నగా.
లిసాండ్రో నా వంక చూశాడు,
నేను తల అడ్డంగా ఊపాను.

మెలకువొచ్చాక తిట్టిన తిట్లు
రేవు దాటి వినిపించాయి.
"దుంపలెవడు కొంటాడు, నువ్వు కొంటావా?"
కొన్నాను. సగం బస్తా.

బుధవారం మళ్లీ వచ్చింది.
బుధవారం లాంచీ లేదు.
వేడి మాతే కప్పు కుడి చేతి మీద పెట్టుకుంది,
కొత్త చెక్క మీద గుండ్రటి మచ్చ పడింది.
చిత్రిక పట్టి తీసేయనా అన్నాను.
"ఉండనీ," అంది, "ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తుంది."